చెమట పట్టిన నిద్ర

పగటిపూట ఎవరన్న నిద్రపోతుంటే నాకు ఇప్పటికీ మనసు నిలువదు. మా ఆయన అన్నం తిని కుర్చీల అట్లనే ఒరిగితే, ఏదో పని మీద పోతున్నట్టు పక్కనుంచి పోయి మెడ మీద చెయ్యి పెట్టి చూస్త. పొడిగ ఉంటే నా పనికి నేను పోత. "నాకు షుగరే లేదు గదనే" అంటడు ఆయన, కండ్లు తెరవకుండనే. లేదని నాకూ తెలుసు. అయినా చూస్త.

నర్సింగు చదువుకొని కొత్తగ డ్యూటీల చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తరు. మా ఇల్లు నిజామాబాద్ బస్టాండుకు దగ్గర, బస్సుకు టైముంటే వచ్చి కూచుంటరు. మీ సర్వీసుల మరిచిపోని కేసు చెప్పండి మేడం అంటరు. యాక్సిడెంట్లు, కాలిన కేసులు, క్యాజువాలిటీ తలుపు కాడ లొల్లి, అట్లాంటివి చెప్తనని వాళ్ల ఆశ. నేను చెప్పేది చెరకు కొట్టే ఒకామె గురించి. అండ్ల రక్తం లేదు, లొల్లి లేదు. మొదట వాళ్లకు కొంచెం నిరాశనే అయితది. అయినా చెప్పకుండ ఉండలేను. మీకు సుత అదే చెప్తున్న.

నా ఉద్యోగంల చివరి ఏండ్లు బోధన్ దిక్కు ఒక ట్రస్టు దవాఖానల గడిచినయి. పేరెందుకులే, ఇప్పుడు ఆ బిల్డింగుల వేరేటోళ్లున్నరు. అండ్ల షుగర్ వార్డుకు నేను హెడ్ నర్సును. ఒకటే పొడుగాటి హాలు. నడుమ మనిషెత్తు గోడ, అటు మొగోళ్లు, ఇటు ఆడోళ్లు, గోడ చివరన మా టేబుల్. చెరకు పండే జాగల షుగర్ వార్డు నిండకుండ ఎట్లుంటదని కొత్తగ వచ్చిన ప్రతి డాక్టరూ ఒకసారి జోకు వేస్తుండె. మేము ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతుంటిమి. డాక్టర్లను నారాజ్ చెయ్యొద్దు గద.

ఆ వార్డుకు అన్ని దిక్కుల నుంచి వస్తుండ్రి. వర్ని కాలువ కింద వరి పెట్టే కుటుంబాలు, తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి ఈడనే పాతుకున్నోళ్లు. పసుపు పండించే రైతులు. టౌన్ల ఉర్దూ మాట్లాడే ఇండ్లోళ్లు. సిరికొండ గుట్టల దిక్కు తండాల నుంచి లంబాడోళ్లు. చలికాలం వస్తే మహారాష్ట్ర నుంచి చెరకు కొట్టనీకి దిగే కూలోళ్లు. ఇంతమందికీ ఒకటే సూది, ఒకటే చపాతీ, ఒకటే పద్ధతి. అందర్నీ ఒక్క తీరుగ చూస్తున్నమని మాకు లోపల కొంచెం గొప్పగనే ఉంటుండె.

షుగరు ఎక్కువైతే ఒళ్లు మెల్లగ పాడైతది. ఏండ్లు పడుతది. తక్కువైతే అంత టైమియ్యది. ఇన్సులిన్ లోపలికి పోయినంక దానికి కడుపుల తిండి కావాలె. దొరకకపోతే రక్తంల ఉన్న చక్కెరను ఊడ్చేస్తది. మనిషికి చెమట పడుతది, చేతులు వణుకుతయి, గాబర అయితది. అప్పుడు ఇంత చక్కెర నీళ్లు తాపితే లేచి కూచుంటడు. తాపకపోతే నిద్రపోతడు. చూసేటోళ్లకు అది మంచి నిద్ర లెక్కనే కనబడుతది. బుగులంతా ఆడనే ఉన్నది.

ఆ నిద్ర నాకు మొదట కనబడ్డది మొగోళ్ల దిక్కు మంచంల. సిరికొండ దిక్కు ఒక తండా నుంచి వచ్చిన పెద్దాయన. బక్క పలుచని మనిషి, పక్కబొక్కలు లెక్క పెట్టొచ్చు. కాలి పుండు చెడిపోయి వచ్చిండు. వెంట బిడ్డ ఉండె, పెండ్లయి పిల్లలున్న ఆమె. బయట కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె చేసుకొచ్చి, పాలల్ల మెదిపి తండ్రికి తినిపిస్తుండె. ఆయన మంచిగనే తింటుండె. అదే మాకు తర్వాత తలకెక్కని సంగతి. తిన్న మనిషికి అట్లెందుకైంది?

పుండు నొప్పికి ఆయనకు నిద్ర లేకుండె. ఒకనాడు పొద్దు గూకే యాళ్లకు కండ్లు మూసిండు. వార్డంతా మాపటి సందడిల ఉన్నది. వచ్చేటోళ్లు పోయేటోళ్లు, టీ డబ్బాల చప్పుడు. బిడ్డ ఆయన పక్కన కూచొని ఈగలు వాలకుండ కొంగుతోటి విసురుతున్నది. షుగర్ చూడనీకి మా సిస్టర్ పోయి చెయ్యి పట్టుకుంటే చెయ్యి సల్లగ ఉన్నది. దుప్పటి తడిసి ఉన్నది. నన్ను పిలిచింది. మీటరు అంకె చూపించలేదు, తక్కువ అని అక్షరాలు చూపించింది. అంకె చూపించేంత సుత లేదన్నట్టు.

గ్లూకోజ్ ఎక్కించినం. ఆయన కండ్లు తెరిచిండు. నేను హమ్మయ్య అనుకున్న. బిడ్డ వంగి "బాపూ" అని పిలిచింది. ఆయన ఆమె మొఖం దిక్కు చాలాసేపు చూసి "యాడీ" అన్నడు. యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. బిడ్డను చూసి అమ్మా అంటున్నడు. గ్లూకోజ్ ఇంకా ఎక్కించినం, షుగరు ఎక్కింది, నాడి మంచిగైంది. ఆయన మాత్రం పూర్తిగ తిరిగి రాలేదు. తెల్లారి సుత ఆమెను యాడీ అనే పిలిచిండు. ఎక్కువసేపు చక్కెర అందక మెదడు దెబ్బతిన్నదని డాక్టరు చెప్పిండు.

వాళ్లు ఆయనను తీస్కపోయే రోజు ఆమె నా కాడికొచ్చి నిలబడ్డది. నన్ను తిడుతదనుకున్న, తిట్టినా బాగుండు. ఆమె మెల్లగ చెప్పింది, "నిద్ర పట్టిందని సంతోషపడ్డ సిస్టరమ్మా. లేపొద్దని అందరికీ చెప్పిన. నేనే విసురుకుంట కూసున్న."

ఆమె చేతుల సంచి అందుకొని గేటు దాకా పోయిన.

ఆ తర్వాత ఆ దిక్కు తండాల నుంచి రావుడు తగ్గింది. వచ్చినోళ్లు సూది వద్దు, గోలీ ఇయ్యండి అంటుండ్రి. ఆ సూదితోనే పెద్దాయన మతి పోయిందని అనుకుంటున్నరు. వాళ్లది పిచ్చి బుగులని తీసిపారేద్దామంటే కుదరదు. సూదితోనే అయింది మరి.

మా సిస్టర్లకు సుత బుగులు పట్టుకున్నది. సిరంజి చేతుల పట్టుకొని డోసు ఒకటికి రెండుసార్లు చూసుడు, పక్కనున్న సిస్టర్‌తోని చూపిచ్చుకొనుడు. ఎవరన్న మధ్యాహ్నం కునుకు తీస్తే లేపుడే. పేషెంట్లు విసుక్కునేటోళ్లు. అండ్ల ఒక కేరళ సిస్టర్ ఉండె. మంచి చెయ్యి ఆమెది, సూది గుచ్చితే చిన్నపిల్లలు సుత ఏడ్వరు. తెలుగు పట్టుదలగ నేర్చుకుంటున్నది. ఆమెకు అందరికంటే ఎక్కువ బుగులు. డ్యూటీ ఎక్కేముందు బాత్రూంల నిలబడి దండం పెట్టుకుంటుండె, నేను చూసిన.

మా డాక్టరు నిజామాబాద్ మనిషి, నడీడు, మాటలు తక్కువ. తండా పెద్దాయన తర్వాత ఆయన ఒక సంగతి పట్టుకున్నడు. ఒకనాడు టీ తాగుకుంట అడిగిండు, సిస్టర్, మన వార్డుల షుగర్ డౌన్ అయ్యేది ఎక్కువ ఎవరికో గమనించినవా అని. ఒక్కొక్కరినీ యాది చేసుకున్న. తండాలోళ్లు, మరాఠీ కూలోళ్లు. వర్ని దిక్కోళ్లకు అయ్యేది బహు తక్కువ. టౌనోళ్లకు అప్పుడప్పుడు. ఒకటే వార్డు, ఒకటే సూది.

ఈ మాట బయటికొచ్చినంక డ్యూటీ రూంల తలా ఒక మాట. వాళ్లు కల్లు తాగుతరు, అందుకని పడిపోతది అన్నరొకరు. తండా పెద్దాయన కల్లు ముట్టేటోడు కాదు. వాళ్ల రక్తమే అట్లుంటదేమో అన్నరు ఇంకొకరు. డాక్టరు ఆ మాటను కొట్టెయ్యలేదు, ఒప్పుకోనూ లేదు. బయటి దేశాలల్ల ఏ జాతోళ్లకు షుగరు ఎంత డౌన్ అయితదని లెక్క చూస్తుంటరని, మన దగ్గర అట్ల ఎవరు చూసిండ్రని అన్నడు. "రక్తంల ఉంటే మనం చేసేదేం లేదు. వేరే ఏడనన్న ఉంటే మాత్రం అది మన చేతుల్ల ఉన్నట్టు" అన్నడు. ఆ రెండో మాట నాకు మొదటిదానికంటె ఎక్కువ బుగులు పుట్టించింది.

చలి ముదిరినప్పుడు చెరకు కొట్టే ఆమె వచ్చింది. కత్తి గీసుకొని అరచెయ్యి తెగి చీము పట్టింది. జ్వరం, షుగరు మస్తు ఎక్కువ. తనకు షుగరున్నట్టు అప్పటిదాకా తెలియదు. నా బిడ్డ ఈడు ఉంటదేమో, చెరకు గడ లెక్కనే సన్నగ ఉన్నది. భర్త, పిల్లలు ఊరి బయట చేన్ల గుడిసెలల్ల ఉంటున్నరు. ఆయన పొద్దుగాల చెరకు కొట్టి బండి లోడు చేసి, నడుమ ఒకసారి వచ్చి చూసి పోతుండె. ఆమెకు మరాఠీ తప్ప ఇంకోటి రాదు. నన్ను "తాయీ" అంటుండె, అక్కా అన్నట్టు. అంతకుమించి మాట్లాడేది కాదు. అడిగితే నవ్వేది, అడగకపోతే పై కప్పు దిక్కు చూస్తుండేది.

ఆమె పక్క మంచంల వర్ని దిక్కు ఒక పెద్దామె. ఆమెకు ఇంటి నుంచి పొద్దుమాపు టిఫిన్ డబ్బాలు. ఒంట్ల ఏ కొంచెం తేడా వచ్చినా చెప్పేది. "సిస్టర్ గారూ, కాస్త కంగారుగా ఉందండి", "సిస్టర్ గారూ, చేతులు చల్లబడుతున్నాయండి." మేము ఉరికిపోయి చూసేటోళ్లం. సగం సార్లు ఏమీ ఉండకపోయేది. ఆమె వల్ల విసుగొస్తుండె మాకు, అబద్ధమెందుకు.

చెరకామెకు మొదట షుగరు దిగలేదు. డాక్టరు డోసు పెంచిండు, మల్ల పెంచిండు. చెయ్యి కోసి చీము తీసినంక జ్వరం తగ్గింది. మొఖం తేటపడ్డది. చపాతీ పళ్లెం పెడితే కొద్దిసేపటికి ఖాళీ అయ్యేది. మంచిగ తింటున్నదని అందరం సంతోషపడ్డం. ఒకసారి ఆమె టీల చక్కెర వెయ్యమని సైగ చేసిందట. కేరళ సిస్టర్ వద్దని తల ఊపి, చక్కెర అనే మాట చెప్పి, రెండు చేతులు అడ్డంగ ఊపి చూపించింది. షుగర్ వార్డుల రోజూ ఉండేదే.

ఆ పొద్దు నేను స్టోర్ రూంల మందుల పెట్టెలు దించుకుంటున్న. సూదులయినయి, చపాతీలు పెట్టిండ్రు, పళ్లేలు తీసిండ్రు. ఎండ కిటికీలల్లకెళ్లి మంచాల మీద పడుతున్నది. ప్రశాంతంగ ఉండె వార్డు.

తర్వాత తెలిసిన సంగతి ముందే చెప్తున్న. చెరకామె కేరళ సిస్టర్‌ను పిలిచింది. తల పట్టుకొని "చక్కర్, చక్కర్" అన్నది. మరాఠీల చక్కర్ అంటే కండ్లు తిరుగుడు. మా దిక్కు ఉర్దూల, తెలుగుల సుత అదే మాట. నాకు వినబడితే ఉరుకుతుంటి. కేరళ సిస్టర్‌కు తెలిసింది చక్కెర. నిన్న టీల అడిగింది, ఇయ్యాల మల్ల అడుగుతున్నది అనుకున్నది. నవ్వుకుంటనే చెప్పింది, చక్కెర వద్దమ్మా, నీకు మంచిది కాదు అని. చెరకామె ఇంకోసారి అన్నది. సిస్టర్ మల్ల వద్దని చెయ్యి ఊపింది. అటెన్క ఆమె అడగలేదు. పెద్ద దవాఖానల వద్దన్నరంటే వద్దనే ఉంటదని ఊకున్నది కావచ్చు. పండుకొని గోడ దిక్కు మళ్లింది.

పక్క మంచం పెద్దామె పిలుపు నాకు స్టోర్ రూంల వినబడ్డది. "సిస్టర్ గారూ, ఒకసారి రండి. నాకు కాదండీ, ఈవిడకి. పిలిస్తే పలకట్లేదు."

నాకు కాదండీ అన్న మాట విని నా చేతుల ఉన్న పెట్టె కింద పెట్టిన.

పోయి మెడ మీద చెయ్యి పెట్టిన. తడి. సల్లటి తడి, నీళ్లు పోసినట్టు. వెంట్రుకలు నొసటికి అతుక్కున్నయి. పేరు పెట్టి పిలిస్తే గొంతుల ఏదో చప్పుడైంది, అంతే. మీటరు తెమ్మన్న. కేరళ సిస్టర్ తెచ్చి వేలికి గుచ్చింది. రక్తం చుక్క పట్టీ మీద పడలేదు, నేను తీసుకొని పెట్టిన. మల్ల అవే అక్షరాలు. తక్కువ.

గ్లూకోజ్ సిరంజిల నింపిన. నరం దొరకాలె. ఒక చేతికి కట్టు. ఇంకో చెయ్యి చూస్తే నరాలన్ని లోపలికి పోయినయి. గుచ్చిన, రాలేదు. మోచేతి కాడ గుచ్చిన, వచ్చినట్టే వచ్చి పగిలి ఉబ్బింది. కాలి దిక్కు పోదామని దుప్పటి తీసేలోపల ఫిట్సు మొదలైనయి. పండ్లు బిగుసుకున్నయి, మంచం ఇనుప చప్పుడు చేస్తున్నది. అందరం కల్సి ఆమెను ఎడమ పక్కకు తిప్పినం. నోట్ల ఏమీ పొయ్యొద్దు, ఆ స్థితిల చక్కెర నీళ్లు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది. పక్కల చక్కెర డబ్బా ఉన్నది, సిరంజిల గ్లూకోజ్ ఉన్నది, రెండిట్ల ఏదీ ఆమెకు అందుత లేదు. నా నౌకరీ మొత్తంల అంత నిస్సహాయంగ ఎప్పుడూ నిలబడలేదు.

నాకు కండ్ల ముందట తండా పెద్దాయన ఉన్నడు. ఈమె బతికినా కండ్లు తెరిచి పిల్లలను గుర్తు పట్టకపోతే ఎట్ల అని అదే తిరుగుతున్నది తలల. కేరళ సిస్టర్ నా వెనుక గోడకు ఆనుకొని, "చక్కెర అడిగింది అక్కా, నేను వద్దన్నాను" అని అదే మాట అంటున్నది. అప్పుడు నాకు సంగతి సమజ్ కాలేదు. డాక్టరును పిలుచుకరా పో అన్న. కదలలేదు. భుజం పట్టి ఊపిన. అప్పుడు ఉరికింది.

డాక్టరు ఓపీల నుంచి మెట్లెక్కి వచ్చిండు. ఏం అడగలేదు. ఆమె తలను కొంచెం కిందికి వంచమన్నడు, మెడ మీది నరం వేలితోటి వెతికిండు, సూది పెట్టిండు. సిరంజిలకు నల్లటి రక్తం వచ్చింది. గ్లూకోజ్ మెల్లమెల్లగ పోతున్నది.

ఫిట్సు ఆగినయి. ఇంకో సిరంజి. ఆమె పక్కకు తిరిగి ఉన్నది, ఆయాసంగ ఊపిరి తీస్తున్నది. ఎదురుచూసుడు తప్ప పని లేదు. పక్క మంచం పెద్దామె లేచి కూచొని, తన మంచం మీదికెళ్లే వంగి చెరకామె పాదం పట్టుకొని ఉన్నది. వదలమ్మా అని ఎవ్వరం అనలేదు.

మీటరు ఈసారి అంకె చూపించింది. ఆమె కండ్లు తెరిచింది.

డాక్టరు పేరడిగిండు. జవాబు లేదు. నా దిక్కు చూసింది, నన్ను దాటి చూసింది. ఎవరినీ గుర్తు పట్టనట్టు ఉన్నయి ఆ కండ్లు. డాక్టరు మొఖం పాలిపోయింది. మరాఠీల రెండు ముక్కలు కూడబలుక్కొని, పిల్లలు ఎంతమంది అని అడిగిండు. ఏమీ లేదు.

అప్పుడు ఆమె మంచిగున్న చెయ్యి కదిలింది. మెల్లగ తల కింది మెత్త అడుగుకు పోయింది. ఆడ వెతికింది. దొరకలేదు. ఇంకా లోపలికి పెట్టి వెతికింది. మొఖంల గాబర కనబడ్డది. డాక్టరు ఇది మల్ల ఫిట్సా అని ముందుకు వంగిండు.

నాకు మంచం కింద ఒక మూట కనబడ్డది. ఆమెను పక్కకు తిప్పినప్పుడు పడ్డదేమో. చీర పీలికతోటి కట్టిన చిన్న మూట. విప్పితే చపాతీలు. పొద్దుగాల పెట్టినవి, ఒక్క అంచు సుత తుంపలేదు. నిన్నటిది ఒకటి ఎండిపోయింది సుత ఉన్నది.

ఆమెకు చూపించిన. గబుక్కున చెయ్యి చాపి గుంజుకున్నది. గుండెకు ఒత్తుకొని, సిగ్గుతోటి కండ్లు దించింది. తప్పు చేసి దొరికినట్టు. నాకు ఆ సిగ్గును చూసి పానం తిరిగొచ్చింది. సిగ్గుపడేటామె మనిషి అయినట్టే. మతి ఉన్నది. ఎవరికోసం దాచిందో యాది ఉన్నది.

కేరళ సిస్టర్ మంచం పట్టిని పట్టుకొని అట్లనే కింద కూలబడి ఏడ్చింది.

భర్త వచ్చేవరకు ఆమె లేచి కూచున్నది, గ్లూకోజ్ బాటిల్ నడుస్తున్నది. డాక్టరు జరిగింది చెప్పిండు. ఆయనకు హిందీ కొంచెం వస్తది. మూట చూపిస్తే తెల్లబోయిండు. ఆమె రోజూ ఇచ్చి పంపుతుండెనట పిల్లలకు. దవాఖానోళ్లు తినలేనంత పెడుతున్నరు, నేను తిన్నంక మిగిలినయి అని చెప్పేదట. పిల్లలు తండ్రి కోసం కాదు, ఆ చపాతీల కోసం ఎదురుచూసేటోళ్లట. ఆమె ఆయనను చూడకుండ బాటిల్‌ల పడే బొట్లను చూసింది.

తెల్లారి కేరళ సిస్టర్ రాజీనామా కాగితం పట్టుకొచ్చింది. డాక్టరు అందరి ముందట ఆమెతోని చెప్పిండు, జ్వరం దిగినంక షుగరు దానంతట అదే దిగుతది, డోసు తగ్గించాల్సింది నేను, తగ్గించలేదు, నువ్వు పోతే ముందు నేను పోవాలె అని. ఆమె నా దిక్కు చూసింది. నేను మాట మార్చి, పో, పదో మంచానికి సెలైన్ అయిపోతున్నది అన్న. పోయింది. తర్వాత చాలా ఏండ్లు పనిచేసింది.

అటెన్క మా పద్ధతి మారింది. పళ్లెం ఖాళీ అయిందా అని కాదు, మనిషి నమిలి మింగిందా అని చూసినంకనే సూది. బక్కగున్నోళ్లకు తక్కువ డోసుతోటి మొదలు. జ్వరం దిగితే మల్ల లెక్క చూసుడు. వచ్చిన ప్రతి మనిషినీ, ఒంట్ల గాబరైతే మీ ఇంట్ల ఏ మాట అంటరని అడిగి పెట్టుకునుడు. అన్నిటికంటె ఎక్కువ మాటలు కేరళ సిస్టరే నేర్చుకున్నది.

డౌన్ అయ్యేటోళ్లు తగ్గిండ్రు. పూర్తిగ పోలేదు. తండా పెద్దాయన సంగతి మాకు చివరిదాకా తేలలేదు. ఆయన తిన్నడు, బిడ్డ చేతితోటి తిన్నడు. ఒంట్ల కండ లేక సూది ఎక్కువ పనిచేసిందో, కిడ్నీలు లోపల్లోపల చెడిపోయి సూది బలం దిగక ఉండిపోయిందో, మాకు తెలియని ఇంకేదన్న ఆ రక్తంలనే ఉన్నదో. డాక్టరు సుత నాకు తెల్వదనే అన్నడు. వర్ని పెద్దామెకు ఎందుకు కాలేదో మాత్రం నాకు తెలుసు. ఆమె కడుపు నిండి ఉండె, ఆమె మాట మాకు అర్థమైతుండె. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి మనిషి జాతిని బట్టి తేడా అని రాసుకుంటే తప్పు కాదు, తేడా ఉన్నది. కాని అది ఎవరికి ఏడ ఉన్నదో మంచం మంచానికి పోయి వెతకాలె. కొత్తగ వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది ఇంతే. వెతికేటప్పుడు బుగులుండాలె. బుగులు లేని సిస్టర్‌ను నేను నమ్మ.

చెరకామెను ఇంటికి పంపే రోజు నాకు అన్నిటికంటె బుగులైంది. వార్డుల మేమున్నం. చేన్ల గుడిసెల ఎవరున్నరు? పొద్దు పొడవక ముందే కత్తి పట్టే మనిషి, దినమంతా ఒంగి కొట్టే పని, సూది ఆపితే షుగరు చంపుతది, వేస్తే తిండి లేక చంపుతది. డాక్టరు డోసు బాగ తగ్గించి రాసిండు. వాళ్ల ముఠా మేస్త్రీ ఫోనుకు ఆ సీజన్ ఉన్నన్ని రోజులు అప్పుడప్పుడు చేసి అడిగిండు, మంచిగనే ఉన్నదన్నరు. చెరకు అయిపోయి వాళ్లు ఊరికి పోయినంక ఏమైందో నాకు తెల్వదు.

పంపేముందు భర్తకు సూది వేసుడు నేర్పిన. ముందు మోసంబి పండు మీద. చెరకు కత్తి పట్టి పట్టి కాయలు కాసిన చేతులు, అంత చిన్న సిరంజి వేళ్ల నడుమ నిలువక జారుతున్నది. పండు మీద నేర్చుకున్నంక, ఇగ ఆమెకు వెయ్యమన్న. ముందు ఆమె తినాలె, నువ్వు చూడాలె, అప్పుడు సూది అన్న.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నరు. తర్వాత ఆయన చెప్పిండు, వాళ్లింట్ల ఆడోళ్లు అందరూ తిన్నంక తింటరని. లగ్గమైనకాడి నుంచి ఆమె తినంగ తను ఒక్కసారి సుత చూడలేదని.

చపాతీ, పప్పు తెప్పించి పళ్లెం ఆమె ఒళ్లె పెట్టిన. ఆమె తినలేదు. మీరు తిన్నరా అని ఆయనను అడిగింది. ఆయన లేదన్నడు. ఆమె పళ్లెం ఆయన దిక్కు జరిపింది. ఆయన మల్ల ఆమె దిక్కు జరిపి, మరాఠీల మెల్లగ, నాకు సుత అర్థమయ్యేటట్టు చెప్పిండు. "నువ్వు తినకపోతే నేను సూది వెయ్యలేను. తిను. నేను నిలబడి ఉంట."

ఆమె గోడ దిక్కు మళ్లింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఒక ముక్క తుంపి కొంగు చాటుకు తీసుకపోయింది. గొంతు కదిలింది. ఆయన సూది ఎత్తి పట్టుకున్నడు. ఇగ వెయ్యొచ్చా అన్నట్టు నా దిక్కు చూసిండు. ఇంకా తిననియ్యి అన్న. ఆయన తలూపి మల్ల ఆమె గొంతు దిక్కే చూసుకుంట నిలబడ్డడు. ఆమె ఇంకో ముక్క తుంపింది.